ప్రభుదాస్ గారి మీటరు

మదీనాగూడ ఇంకా రాకముందే కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చర్చిలో ఆరాధన ముగిసి అరగంట కూడా కాలేదు. కారులో రాబిన్‌తో పాటు పాటల బృందంలోని ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ముందు సీట్లో సారమ్మ, ఆమె ఒళ్ళో హార్మోనియం.

“ఏమైంది బాబూ?” అంది సారమ్మ.

“పెట్రోలు అయిపోయినట్టుందండీ.”

“అయిపోయినట్టుండడమేంటి? చూసుకోవా?”

రాబిన్ ముల్లు చూపించాడు. పెట్రోలు ముల్లు సగం దగ్గర ఉంది. ట్యాంకు నింపినా అది సగం దగ్గరే ఉంటుంది, ట్యాంకు ఎండినా సగం దగ్గరే ఉంటుంది. ముల్లు పాడైన బండి నడిపేవాళ్ళు కిలోమీటర్లు చూసుకుని పెట్రోలు పోయిస్తారు. ఈ కారుకు ఆ దారీ లేదు. స్పీడు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. దాని కింద కిలోమీటర్ల అంకెలు 61348 దగ్గర ఆగి ఉన్నాయి. రాబిన్ ఈ కారు స్టీరింగు పట్టుకున్న రోజు నుంచీ అవే అంకెలు.

“మా ప్రభుదాసుకి ఏ మీటరూ అక్కర్లేదు,” అంది సారమ్మ, వెనక సీటు వైపు తిరిగి. “ట్యాంకు మూత తీసి వాసన చూసి చెప్పేవాడు ఎంతుందో. ఎన్నేళ్ళు ఎక్కాం ఈ కారు? ఒక్కసారి రోడ్డు మీద దింపాడా?”

“దింపలేదు,” అన్నారు వెనకున్న ఇద్దరూ, ప్రార్థన చివర ఆమెన్ అన్నట్టు.

రాబిన్ డిక్కీలోంచి డబ్బా తీసుకుని చందానగర్ పెట్రోలు బంకు వైపు వెనక్కి నడిచాడు. బొంబాయి రోడ్డు మీద లారీలు పోతుంటే చొక్కా గాలికి లేస్తోంది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని వాళ్ళ నాయనమ్మ అనేది. ప్రభుదాస్ కళ్ళు ఎంతుండేవో రాబిన్ చూడలేదు. ఫోటోలో మామూలుగానే ఉన్నాయి.

ప్రభుదాస్ లింగంపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఒకరోజు మిషను దగ్గర నిలబడి గుండె పట్టుకుని కూర్చున్నాడు, లేవలేదు. భార్య మెర్సీ మియాపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పిల్లలు లేరు. రెండేళ్ళు గడిచాక పాస్టరు గారు సంబంధం కుదిర్చి, రాబిన్‌కీ మెర్సీకీ పెళ్ళి చేశారు. రాబిన్‌ది గుంటూరు జిల్లా. తమ్ముళ్ళ చదువులయ్యేదాకా పెళ్ళి మాట ఎత్తలేదు, ఈలోగా నలభై దగ్గర పడ్డాడు. బ్యాచిలర్ గది ఖాళీ చేసి, పెట్టె పట్టుకుని, చందానగర్‌లో మెర్సీ ఉంటున్న ఇంటికి వచ్చాడు.

ఆ ఇంట్లో మంచం ప్రభుదాస్ కొన్నది. ఫ్రిజ్ ప్రభుదాస్ కొన్నది. కిరాణా కొట్టువాడు సరుకులు పంపేటప్పుడు “ప్రభుదాస్ గారింటికి” అని కేకేస్తాడు. వాటితో రాబిన్‌కి పేచీ లేదు. మంచం మాట్లాడదు, ఫ్రిజ్ ఊరు తిరగదు. కారు తిరుగుతుంది. ఆ పాత ఫియట్, ప్రీమియర్ పద్మిని, ఎక్కడ ఆగినా “అరే, ప్రభుదాసన్న కారు” అంటారు జనం. తర్వాత లోపలికి వంగి చూసి, “మీరా!” అంటారు.

ప్రభుదాస్ చేసిన పనులు కూడా కారుతో పాటే రాబిన్‌కి వచ్చాయి. ఆదివారం పాటల బృందాన్ని ఇళ్ళ దగ్గర దింపాలి. ఆ సమయానికి మెర్సీ చర్చి నుంచి ఇంటికి నడిచి వెళ్ళి వంట మొదలుపెడుతుంది. ప్రభుదాస్ ఉన్నప్పుడూ అంతేనట. కారు పాటలవాళ్ళకి, నడక మెర్సీకి.

ఇదంతా రాబిన్ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్కటే, ఆ అంకెలు.

మీటరు బాగు చేయిస్తానని అతను రెండుసార్లు అడిగాడు. “వద్దండీ, అది అలా ఉండనివ్వండి,” అంది మెర్సీ రెండుసార్లూ. కర్టెన్లు మార్చుదామంటే సరేనంది. గోడ మీది పాత పెళ్ళి ఫోటో తీసి తనే పెట్టెలో పెట్టింది. మీటరు దగ్గరికి వచ్చేసరికి కుదరదంటుంది. పైగా శనివారం సాయంత్రాలు కారు లోపల తుడిచేటప్పుడు మీటరు మీది అద్దాన్ని చివర్లో తుడిచి, ఆ అంకెల వంక చూస్తూ కాసేపు నిలబడుతుంది. రాబిన్ కిటికీలోంచి చూశాడు. ఒకసారి కాదు, చాలాసార్లు.

అతను అర్థం చేసుకున్నది ఇది: అంత దూరం ప్రభుదాస్ నడిపాడు. ఆ దూరం మీద ఇంకొకడి కిలోమీటరు పడకూడదు.

ఆ ఆదివారం డబ్బా పట్టుకుని తిరిగొచ్చేసరికి సారమ్మ చెట్టు నీడన హార్మోనియం మీద కూర్చుని ఉంది. “నువ్వెళ్ళినంతసేపట్లో ప్రభుదాసు అయితే కారు నెట్టుకుంటూ ఇంటికి చేర్చేవాడు,” అంది.

మరునాడు ఆఫీసులో కొమురయ్య కూడా కారు మీదే పడ్డాడు.

రాబిన్ హైటెక్ సిటీ కొత్త భవనంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి స్టోర్స్ ఇన్‌చార్జి. కుర్చీలు, కంప్యూటర్లు, ట్యూబులైట్లు ఎన్ని వచ్చాయో ఎక్కడికి పోయాయో అతను చూసుకోవాలి. కొమురయ్య గేటు దగ్గర సెక్యూరిటీ. పాలమూరు నుంచి ఈ భవనానికి రాళ్ళు మోయడానికి వచ్చి, భవనం లేచాక అదే గేటు దగ్గర యూనిఫాం వేసుకున్నాడు.

“రాబిన్ సార్, జర బండి ఆ మూలకు వెట్టున్రి,” అన్నాడు. “ఇయ్యాల బయటి దేశం మెహమాన్లు వస్తున్నరట. ముందుగాల కొత్త బండ్లే కనవడాలెనని మేడం చెప్పింది.”

“నా బండికేమైంది కొమురయ్యా?”

“ఏం గాలే సార్. మా తాత లెక్కున్నది. దండం వెట్టబుద్ధయితది, ఎక్కబుద్ధి గాదు.”

రాబిన్ నవ్వి బండి మూలకు పెట్టాడు. నిన్న పెట్రోలు అయిపోయిన సంగతి చెప్పాడు.

“మరి మీటర్ చేపియ్యరాదున్రి? మీ చందానగర్ మార్కెట్లనే యాదయ్య ఉన్నడు గదా. మీటర్ల యాదయ్య అంటే ఎవలన్న జెప్తరు.”

“ఇంట్లో వద్దంటున్నారు.”

కొమురయ్య లాఠీని చంకలో పెట్టుకున్నాడు. “బండి రిపేరు ఇంట్ల అడిగి చేపిస్తరా సార్? గట్లయితే బండి ఎవలది?”

అడిగినవాడు జవాబు కోసం ఆగలేదు. అప్పటికే ఇంకో కారు వస్తే గేటు తీయడానికి పరుగెత్తాడు. రాబిన్ మాత్రం ఆ ప్రశ్నను మెట్లెక్కి పైకి తీసుకెళ్ళాడు, వారమంతా మోశాడు. శనివారం మెర్సీని ఆసుపత్రి దగ్గర దింపి, ఆమెతో ఏమీ చెప్పకుండా బండిని చందానగర్ మార్కెట్‌కి తిప్పాడు.

యాదయ్య దుకాణం గోడ నిండా మీటర్లు మేకులకు వేలాడుతున్నాయి. ఒక్కో మీటరు ఒక్కో అంకె చూపిస్తోంది.

“ఎన్ని వేలు ఎన్కకు గొట్టాలె సార్?” అన్నాడు యాదయ్య, కారు వంక చూడకుండానే.

“వెనక్కేమీ వద్దు. ఆగిపోయింది. తిరిగితే చాలు.”

యాదయ్య తలెత్తి చూశాడు. మీటరు పట్టుకుని తన దగ్గరికి వచ్చేవాళ్ళందరూ బండి అమ్మేముందు కిలోమీటర్లు తగ్గించుకోవాలనుకునేవాళ్ళే. వెనక్కి వద్దనేవాడు, మంగలి దగ్గర కూర్చుని జుట్టు ముట్టుకోవద్దన్నవాడితో సమానం.

“గంతేనా?” అన్నాడు. స్పానర్ తీసుకుని, సీటు మీద వెల్లకిలా పడుకుని, డాష్‌బోర్డు కిందికి తల దూర్చాడు. కొంతసేపటికి లోపలి నుంచి నవ్వు వినపడింది.

“సార్, కేబుల్ తెగలే. ఇగో, వచ్చి సూడున్రి.”

రాబిన్ వంగి చూశాడు. గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్‌ని మీటరు వెనక బిగించే నట్టు విప్పి ఉంది. కేబుల్ కొసను పక్కనున్న వైర్ల కట్టకు చేర్చి చుట్టేశారు. చుట్టింది తెల్ల ప్లాస్టరుతో. ఆసుపత్రిలో కట్టు కట్టాక వేసే ప్లాస్టరు అది. చుట్టు మీద చుట్టు పక్కకు జరగకుండా పడింది. కొసను చేత్తో చింపలేదు, కత్తెరతో కోశారు.

“ఎవలో పట్టి గట్టినట్టు గట్టిన్రు,” అన్నాడు యాదయ్య. “మీ ఇంట్ల దవాఖానల పని చేసేటోళ్ళు గిట్ల ఉన్నరా?”

“మా ఆవిడ నర్సు.”

“అగో మరి!”

“ఎందుకు కడతారు ఇలా?”

“అమ్మేటోళ్ళు కడ్తరు సార్, మీటర్ తక్కువ తిర్గాలెనని. లేకపోతె ఆ అంకె గట్లనే ఉండాలెనని కడ్తరు. మా దిక్కు ఒక సర్పంచ్ ఉండె. మీటర్ మీద ఆయన లకీ నంబర్ వచ్చిందని ఆడికే ఆపించుకున్నడు. బండి ముసల్దయింది గాని నంబర్ మారలే.”

రాబిన్ లేచి నిలబడ్డాడు. అమ్మడానికైతే కాదు. మెర్సీ ఈ కారు అమ్మే మాటే ఎత్తదు. మరి మిగిలింది రెండోదే. సమాధి కార్యక్రమం అయ్యాక ఒకరోజు ఆమె ప్లాస్టర్ చుట్ట, కత్తెర పట్టుకుని ఈ సీటు మీద ఇలాగే పడుకుని ఉంటుంది. నట్టు విప్పి, చుట్టు మీద చుట్టు వేసి ఉంటుంది. మొన్న స్టోర్స్‌లో అట్టపెట్టె కోస్తూ వేలు తెగ్గోసుకున్నప్పుడు ఆమె అతని వేలికి కట్టిన కట్టు గుర్తొచ్చింది. అది సాయంత్రానికే ఊడిపోయింది.

“యాదయ్యా, సున్నాలు పెట్టు.”

“ఏంది?”

“కేబుల్ బిగించు. అంకెలన్నీ సున్నా చెయ్యి.”

“ఐదుకు ఐదు సున్నలా?” యాదయ్య స్పానర్ కింద పెట్టాడు. “సార్, నా మాటినున్రి. సున్నల మీటర్ ఎవలు నమ్మరు. ఇర్వై ఎనిమిది వేలు, మీద చిల్లర వెడ్త. సూసినోడు అసలుదే అనుకోవాలె. దొంగ లెక్క దొంగ లెక్కనే కనవడితే ఇగ నా చేతికి పేరేమున్నది?”

“నేను ఎవరికీ అమ్మడం లేదు.”

“అమ్మకపోతె మాయె. పాత ఫియట్, రంగు వోయింది, తలుపు చేత్తోటి పట్టుకోవాలె. లోపల సూస్తె మీటర్ నిన్న పుట్టిన పోరని లెక్క. నవ్వుతరు సార్.”

“నవ్వనీ.”

యాదయ్య మళ్ళీ స్పానర్ అందుకున్నాడు. “బండి రిపేరుకు వచ్చినట్టు లేరు మీరు. పాత మాలిక్ తోటి కొట్లాటకు వచ్చినట్టున్నరు,” అని, నవ్వుకుంటూ మీటరు ఊడదీశాడు.

అద్దం రింగు తీశాడు. అంకెల చక్రాల ఇరుసు బయటికి లాగాడు. ఎనిమిదిని తిప్పాడు, తర్వాత నాలుగుని. ఆరు దగ్గర చక్రం మొరాయిస్తే కిరోసిన్ చుక్క వేశాడు. రాబిన్ ఒక్కో అంకె పోవడం నిలబడి చూశాడు. అంతా బిగించి యాదయ్య డ్రైవరు సీట్లో కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ట్రయల్ నేను కొడతాను.”

“ట్రయల్ మెకానిక్ గొట్టాలె సార్. అది రివాజు.”

“మొదటి కిలోమీటరు నాది.”

యాదయ్య దిగి దండం పెట్టాడు. “మీదే సార్. అన్ని మీయే. తీస్కపోన్రి.”

కింద పడేసిన ప్లాస్టరు ముక్కను రాబిన్ తీసి జేబులో వేసుకున్నాడు.

మియాపూర్ వెళ్తుంటే దారిలో ఒకటి పడింది. తర్వాత రెండు. ఒంటరిగా బండిలో కూర్చుని మనిషి నవ్వితే చూసేవాళ్ళకి పిచ్చివాడిలా ఉంటుంది. రాబిన్ నవ్వాడు.

ఆసుపత్రి గేటు దగ్గర మెర్సీ తలుపు తీసి కూర్చుంది. బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుంది. బండి కదిలింది, ముల్లు వణికి పైకి లేచింది. ఆమె చూసింది. రాబిన్ రోడ్డు చూస్తున్నట్టు నటిస్తూ ఆమెనే చూస్తున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఏడిస్తే ఏమనాలో కూడబలుక్కుని వచ్చాడు.

“తిరుగుతోంది,” అంది మెర్సీ.

“తిరుగుతోంది.”

“పాత అంకెలేవండీ?”

“తీయించేశాను.”

“అన్నీనా?”

“అన్నీ.”

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. రాబిన్ బండిని పక్కకు తీసి ఆపాడు. అప్పటికి గాని తెలియలేదు, ఆమె నవ్వుతోందని.

“ఎందుకు నవ్వుతున్నావ్?”

“ఇంత సులువని తెలియదండీ నాకు. ఒక పూటలో పోతాయా అవి?”

రాబిన్ జేబులోంచి ప్లాస్టరు ముక్క తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. “ఇది కట్టింది నువ్వు కాదా?”

“నేనా?” మెర్సీ దాన్ని వేళ్ళతో పట్టుకుని చూసింది. “చుట్ట నాదే. కట్టింది ఆయన.”

ఆపిన కారులో కూర్చుని, ఎదురుగా పోతున్న లారీల వైపు చూస్తూ చెప్పింది.

“కొందరు ఇంటికి రాగానే చెప్పులు విప్పి మంచినీళ్ళు తాగుతారు. నేను డ్యూటీ నుంచి రాగానే కారు దగ్గరికి వెళ్ళేదాన్ని. అంకె చూసుకుని అప్పుడు లోపలికి వెళ్ళేదాన్ని. ఫ్యాక్టరీకి ఎంతో తెలుసు, చర్చికి ఎంతో తెలుసు, సారమ్మ గారింటికి ఎంతో తెలుసు. అవన్నీ పోగా ఇంకా మిగిలేది. ఎక్కడిదండీ ఇది అంటే, దారిలో ఒకర్ని దింపాను అనేవారు. ఎప్పుడూ ఒకర్ని దింపడమే. ఎవర్ని అంటే, ఎవరైతే ఏంటి మెర్సీ, పాపం నడుస్తున్నారు అనేవారు. నేను చర్చిలో అందర్నీ అడిగేదాన్ని, మాటల్లో పెట్టి. మా ఆయన నిన్న మిమ్మల్ని దింపారటగా అని. కొందరు అవుననేవారు. కొందరు నా ముఖం చూసేవారు.”

“తర్వాత?”

“ఒకరోజు ముల్లు లేవలేదు. కేబుల్ తెగిందన్నారు. ఆ సాయంత్రం అల్మరాలో ప్లాస్టర్ చుట్ట చూస్తే సగానికి తగ్గి ఉంది. దెబ్బ ఎక్కడ తగిలిందో అని ఆయన చేతులూ కాళ్ళూ చూశాను. గీత కూడా లేదు.”

“అడగలేదా?”

“తెగిందన్నారు కదా. తెగిందనే ఊరుకున్నాను. ఆ క్రిస్మస్ రాకముందే పోయారు.”

“ఎవరామె?”

“ఆమె అని ఎవరన్నారండీ?” మెర్సీ అతని వైపు తిరిగింది. “ఎవరూ లేకపోవచ్చు. నిజంగా అందర్నీ దింపే ఉండొచ్చు. నాకు తెలియదు. ఇక తెలియదు కూడా.”

“మరి శనివారాలు అద్దం తుడిచి చూస్తూ నిలబడతావే?”

“కదల్లేదు కదా అని చూసుకునేదాన్ని. అది కదలకపోతే నాకు హాయి.”

“బాగు చేయించొద్దన్నది అందుకా?”

“తిరిగితే చూస్తాను. నా సంగతి నాకు తెలుసు. మీ మీద ఆ చూపు పెట్టకూడదనుకున్నాను. మిమ్మల్నయినా ప్రశాంతంగా బతకనిద్దామనుకున్నాను.”

ఏ భర్త అయినా సంతోషించాల్సిన మాట. రాబిన్ కారు స్టార్ట్ చేసి ఇంటికి పోనిచ్చాడు. ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించలేదు.

అతని లెక్క వేరేగా నడిచింది. ప్రభుదాస్ ఇంటికి ఆలస్యంగా వస్తే ఒక మనిషి కడుపు మండింది. ప్రభుదాస్ ఎటు పోయాడో అని ఒక మనిషి చర్చిలో జనాన్ని మాటల్లో పెట్టింది. అదే మనిషి తనకైతే ప్రశాంతత ఇస్తుందట. చుట్టంగా వచ్చినవాడికి కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు. ఇన్నాళ్ళూ ప్రభుదాస్ మీద ఆమెకున్న ప్రేమకు కుళ్ళుకున్నాడు. ప్రేమ సంగతి తేలకముందే, ఇప్పుడు ఆమె అనుమానానికి కుళ్ళుకోవడం మొదలైంది.

ఆ చూపు పెట్టనన్న మాట ప్రకారం మెర్సీ మీటరు చూడడం మానేసింది. కారెక్కగానే కిటికీ వైపు తిరిగి కూర్చునేది. శనివారం వచ్చింది, సీట్లు తుడిచింది, తలుపులు తుడిచింది. మీటరు మీది అద్దాన్ని వదిలేసింది. దాని మీద దుమ్ము పేరుకుంది. రాబిన్ ఆ దుమ్మును తుడవలేదు. అందులో ఆమె వేలి గుర్తు ఎప్పుడు పడుతుందా అని రోజూ చూశాడు. పడలేదు.

ఆ తర్వాతి వారం అతను ఆఫీసు నుంచి ఇంటికి రావాల్సిన దారి వదిలి గచ్చిబౌలి వైపు పోయాడు. అక్కడ అతనికి పని లేదు. తెలిసినవాళ్ళూ లేరు. రోడ్డుకి రెండు పక్కలా బండరాళ్ళు, వాటిని పగలగొట్టే కంప్రెసర్ల చప్పుడు. యూనివర్సిటీ గేటు దగ్గర బండి వెనక్కి తిప్పుకుని వచ్చిన దారినే వచ్చాడు. మరునాడు కూడా పోయాడు. ఆ మరునాడు కూడా.

శనివారం సాయంత్రం మెర్సీ గుడ్డ పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళింది. రాబిన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. సీట్లు అయ్యాయి. తలుపులు అయ్యాయి. ఆమె గుడ్డ మడిచింది, వెళ్ళబోయింది, మళ్ళీ వంగింది. అద్దం తుడిచింది. తుడిచి నిలబడింది.

“ఏమండీ,” అని పిలిచింది.

అతను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాడు.

“ఆఫీసుకి పోను రాను ఎంతో నాకు తెలియదా? ఇంత ఎందుకు తిరిగింది ఈ వారం?”

అడిగింది. గొంతు కూడా మారింది. రాబిన్ వారమంతా తిరిగింది ఈ ప్రశ్న కోసమే. నిజం చెప్పాల్సిన చోట అతని నోటికి ఇంకొక మాట వచ్చింది. ఎందుకు వచ్చిందో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి సమాధానం దొరకలేదు.

“దారిలో ఒకర్ని దింపాను.”

మెర్సీ కారు తలుపు వేసేసింది. “ఎవర్ని?”

“ఎవర్నీ కాదు. ఊరికే అన్నాను మెర్సీ. గచ్చిబౌలి దాకా పోయి ఖాళీగా తిరిగొచ్చాను. నువ్వు అడుగుతావా లేదా అని.”

“ఖాళీగానా?”

“బైబిలు మీద ఒట్టు.”

“ఆయన కూడా ఒకసారి ఆ మాటే అన్నారు,” అంది మెర్సీ. “మనసు బాగోలేక ఖాళీగా తిరిగొచ్చానని.”

గుడ్డ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెలు మామూలు కన్నా గట్టిగా చప్పుడయ్యాయి.

రాబిన్ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. చేసిన తప్పయితే ఒప్పుకుని కాళ్ళు పట్టుకోవచ్చు. చేయని తప్పుకు ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? బండరాళ్ళను సాక్ష్యం తెమ్మనాలా? డాష్‌బోర్డు కిందికి చెయ్యి పెట్టాడు. వేళ్ళకు నట్టు తగిలింది. స్పానర్ అక్కర్లేదు, వేళ్ళతోనే వస్తుంది. ఈ సీట్లోనే ప్రభుదాస్ కూర్చున్నాడని, ఇలాగే చెయ్యి పెట్టాడని అతనికి మొదటిసారి తోచింది. ఆ రోజు ప్రభుదాస్‌కి ఎవరైనా ఉండి ఉండొచ్చు. ఎవరూ లేకపోయినా, ఆ మాట చెబితే నమ్మేవాళ్ళు లేక, విప్పి ఉండొచ్చు. చూసేవాళ్ళకు రెండూ ఒకటే.

నట్టును అలాగే వదిలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మరునాడు ఆరాధన అయ్యాక సారమ్మ హార్మోనియంతో ముందు సీట్లోకి ఎక్కి కూర్చుంది. మెర్సీ చెంగు తల మీదికి లాక్కుని ఇంటివైపు నడక మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి అతనితో మాట్లాడలేదు.

“మెర్సీ,” అని పిలిచాడు రాబిన్, అందరికీ వినపడేలా. “నువ్వూ ఎక్కు.”

ఆమె ఆగింది. “నేనెందుకండీ? కూర పొయ్యి మీద పెట్టాలి.”

“వచ్చాక ఇద్దరం పెడదాం. ఎక్కు.”

“చోటెక్కడుంది బాబూ?” అంది సారమ్మ.

“మీరు వెనక్కి వెళ్ళండి సారమ్మ గారూ.”

“వెనక్కా? ప్రభుదాసు ఉన్నప్పటి నుంచీ ఇది నా సీటు!”

“తెలుసండీ. వెనక్కి వెళ్ళండి.”

సారమ్మ దిగింది. హార్మోనియాన్ని ముందు లోపలికి తోసి, దాని వెనకే తను దూరింది. వెనకున్న ఇద్దరూ తలుపుకి అతుక్కుపోయారు. “నువ్వెప్పుడూ ఎక్కేదానివి కాదు కదమ్మా,” అంది సారమ్మ. “ఇదేంటి కొత్తగా?”

“ఎవరూ ఎక్కమనలేదండీ,” అంది మెర్సీ, ముందు సీట్లో కూర్చుంటూ.

బండి బొంబాయి రోడ్డెక్కింది. గుంత వచ్చినప్పుడల్లా వెనక హార్మోనియం ఒక స్వరం పలికింది, సారమ్మ ఒక మాట అంది. మెర్సీ కిటికీ వైపు తిరగలేదు. మీటరు వంక చూసింది, దాచుకోకుండా చూసింది. చివరి అంకె కదిలి పైకి వస్తుంటే, “ఇదిగో, మారుతోంది,” అంది. అది మారేదాకా ఇద్దరూ చూశారు. రాబిన్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇక లెక్కపెట్టడానికి ఆమె ఇంటి దగ్గర నిలబడక్కర్లేదు. బండిలోనే ఉంది.

మదీనాగూడలో ఒక సందు దగ్గర మెర్సీ మెడ తిప్పింది. సందు మొదట్లో టైలరు కొట్టు, దాని పక్కన నీలం గేటు ఉన్న ఇల్లు; పాటలవాళ్ళెవరూ అక్కడ దిగరు. బండి దాటిపోయినా ఆమె మెడ తిప్పే ఉంచింది.

“ఏంటి?” అన్నాడు రాబిన్.

“ఏం లేదండీ.”

అతను మళ్ళీ అడగలేదు. అడగకుండా మీటరు వంక చూసి, ఆ అంకె గుర్తుపెట్టుకున్నాడు.